ఎల్డర్‌లైన్ 14567: మా అవ్వకు పనికొచ్చింది

కడపలో మా అవ్వ తన ఇల్లు మామకు గిఫ్ట్ డీడ్ రాసిచ్చింది. ఏడాది తిరక్కముందే ఆమె మంచం వరండాలోకి వచ్చింది. ఒకటో తారీఖు ఇంటికొచ్చే 4,000 పెన్షన్‌కు వేలిముద్ర అవ్వది, డబ్బు మామ జేబులోకి. "కొడుకు మీద కేసేంది, నలుగుర్లో పరువు పోదా?" అని అవ్వే అడ్డం పడింది. అందుకే ముందు ఈ నంబరుకు ఫోన్ చేశాను.

అరవై దాటినవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఉచిత హెల్ప్‌లైన్ ఇది. తెలుగులోనే మాట్లాడారు. నాకు బాగా నచ్చిందేమంటే, నా మాట ఒక్కటే విని ఊరుకోలేదు, ఫోన్ అవ్వకిమ్మన్నారు. ఆమెకు చెవుడు. ఒక్కో ప్రశ్న రెండు మూడు సార్లు అడిగించుకుంది. అయినా అవతలి అమ్మాయి విసుక్కోలేదు. "నీకేం కావాలో నువ్వే చెప్పవ్వా" అంది. "డబ్బొద్దు, నా గది నాకు కావాల" అంది అవ్వ.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీఓ ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చని వాళ్లే చెప్పారు. పెద్దవాళ్లు రాలేకపోతే వాళ్ల తరఫున ఇంకొకరు పెట్టొచ్చు. నోటీసు అందాక మామూలుగా 90 రోజుల్లో తేల్చాలి, నెలకు 10,000 దాకా భరణం ఇప్పించొచ్చు. ఒక ఆఫీసులో లాయర్ లేకుండా కుదరదని మమ్మల్ని తిప్పి పంపారు. ఈ ట్రిబ్యునల్‌కు లాయర్ అక్కర్లేదని మళ్లీ హెల్ప్‌లైన్‌వాళ్లే ధైర్యం చెప్పారు.

నోటీసు రాగానే మామ దిగొచ్చాడు. గది, పెన్షన్ అవ్వకు తిరిగొచ్చాయి. ఇల్లు మాత్రం మామ పేరు మీదే ఉంది, ఎందుకంటే అవ్వ డీడ్‌లో "నన్ను చూసుకోవాలి" అనే షరతు లేదు. అది రాసి ఉండి, పిల్లలు చూసుకోకపోతే 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ ఆ డీడ్‌ను రద్దు చేయగలదు. దయచేసి రిజిస్ట్రేషన్‌కు ముందే డాక్యుమెంట్ రైటర్‌తో ఆ ఒక్క వాక్యం రాయించండి. కొడుకు ఎంత మంచివాడైనా సరే రాయించండి.

ఒక స్టార్ తగ్గించాను. ఈ లైను ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే. తాగొచ్చి తల్లి మీద చెయ్యెత్తేవాళ్లు ఎక్కువగా ఆ తర్వాతే ఇల్లు చేరతారు. అప్పుడు 112కే చెయ్యాలి. 14567 కూడా రాత్రంతా పలకాలి.