మెరినో ఊలని చెప్పి కృత్రిమ నూలు అక్రిలిక్ అంటగట్టారు, కొనేవాళ్లు జాగ్రత్త

నిన్న సాయంత్రం జరిగింది. ఇంకా కోపం చల్లారలేదు, రాత అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి. పేజీ పేరు రాయడం లేదు. రాత్రి తొమ్మిదింటికి లైవ్ పెట్టి ఊలు అమ్మే ఆవిడ అంటే స్వెట్టర్లు అల్లే మనలో చాలామందికి తెలుసు.

ఊలు కొనడం నాకు అలవాటు. బీరువాలో ఒక అర మొత్తం ఊలు ఉండలే. ఇంట్లో ఏ టెన్షన్ ఉన్నా రాత్రిపూట ఫోన్ తీసి రంగులు చూస్తూ కూర్చుంటాను. ఈవిడ దగ్గర ముందు మూడుసార్లు కాటన్ నూలు కొన్నాను, చక్కగా వచ్చింది. ఆ నమ్మకంతోనే ఈసారి మెరినో ఊలు, అంటే మెరినో జాతి గొర్రెల మెత్తటి ఊలు, 12 ఉండలు తీసుకున్నాను. ఉండ 100 గ్రాములు, 640 రూపాయలు. మొత్తం 7,680. క్యాష్ ఆన్ డెలివరీ లేదంటే మారు మాట్లాడకుండా యూపీఐలో కట్టేశాను. అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను.

డిసెంబరులో టొరంటోలో మా చెల్లికి కాన్పు. పాపకో బాబుకో ముగ్గురం కలిసి దుప్పటి అల్లి పంపుదామనుకున్నాం. అమ్మ, నేను, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి. అమ్మది నర్సాపురం పక్క ఊరు. పెళ్లికి ముందు నుంచీ లేసు అల్లేది. ఏజెంటు నూలు తూకం వేసి ఇచ్చేవాడట, అల్లిన లేసు మళ్లీ తూకం వేసి తీసుకునేవాడట. 2024లో నర్సాపురం లేసుకు జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు ప్రత్యేకత అని చెప్పే అధికారిక గుర్తింపు, వచ్చిందని చూపిస్తే ఆ వార్త రెండుసార్లు చదివించుకుంది. రెండు సూదులతో ఊలు అల్లడం ఆవిడకు అరవై దాటాక నేనే నేర్పాను. మా అమ్మాయి ఈ వేసవి సెలవుల్లో నేర్చుకుంది. దాని మొదటి పెద్ద పని ఈ దుప్పటే.

పార్సిల్ వచ్చిన రోజే అమ్మ వేళ్ల మధ్య పోగు నలిపి, "ఇది జారుతోందే, ఊలు ఇలా ఉంటుందా?" అంది. నేను వినలేదు. నాకు తెలిసినట్టు, ఖరీదైన ఊలు ఇలాగే ఉంటుందమ్మా అన్నాను. నాలుగు ఉండలు అయిపోయాయి, తొమ్మిది ముక్కలు తయారయ్యాయి. ఐదో ఉండ కలపాల్సి వచ్చినప్పుడు, నేను నేర్పినట్టే మా అమ్మాయి రెండు కొసలు తడిపి అరచేతుల మధ్య గట్టిగా రుద్దింది. అసలు ఊలు అయితే పీచు పెనవేసుకుని అతుక్కుంటుంది. ఇది ఎంతకీ అతకలేదు. సూపర్‌వాష్ చేసిన, అంటే మెషీన్‌లో ఉతికినా ముడుచుకోకుండా శుద్ధి చేసిన మెరినో కూడా ఇలా అతకదు కాబట్టి అంతమాత్రాన తీర్పు చెప్పలేదు. సింకు పక్కన స్టీలు పళ్లెంలో పెట్టి రెండంగుళాల ముక్క కాల్చి చూశాను. ఊలు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, బూడిద వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. ఇది నల్లటి పొగ వదిలి, కరిగి, చివర గట్టి నల్లపూసలా మిగిలింది. పక్కనే నా పాత ఊలు ముక్క కాల్చి పోల్చుకున్నాను కూడా. అనుమానం లేదు, అక్రిలిక్.

అమ్మకు పాత అలవాటు కదా, వంటింటి తూకం తెమ్మంది. విప్పని ఉండలు ఎనిమిదింటిలో ఒక్కటీ 100 గ్రాములు లేదు. 84, 86, ఒకటైతే 81. చుట్టిన కాగితం మీద తయారీదారు పేరు లేదు, ఏ విడతలో రంగు వేశారో చెప్పే లాట్ నంబరూ లేదు. పగటి వెలుతురులో పెడితే లేత ఆకుపచ్చ రెండు రకాలుగా కనిపిస్తోంది.

ఫోన్ చేశాను. స్పీకర్‌లో పెట్టాను, అమ్మా మా అమ్మాయీ పక్కనే ఉన్నారు. మర్యాదగానే మొదలుపెట్టాను, "ఏదో పొరపాటు జరిగినట్టుందండీ" అన్నాను. ఆవిడ నవ్వి, "వాడేశాక రిటర్న్ ఏంటి ఆంటీ? అయినా ఇంట్లో టైంపాస్‌కి అల్లుకునేవాళ్లకి ఏ ఊలైతే ఏంటి? పసిపిల్లకి తేడా తెలుస్తుందా?" అంది. నాకు నోట మాట రాలేదు. ఫోన్ పెట్టేసింది. ఐదు నిమిషాల్లో నన్ను బ్లాక్ చేసింది.

డబ్బు పోయినందుకు ఒక బాధ. నా పిల్ల ముందు, మా అమ్మ ముందు ఆ మాట అనిపించుకున్నందుకు పది బాధలు. లేసు సూది పట్టి మమ్మల్ని ఇద్దరినీ చదివించిన మనిషి అక్కడ కూర్చుని ఉంది. ఆవిడ చేసింది టైంపాసా? తేడా తెలుస్తుందా అని అడిగింది కదా, చెబుతాను. అక్రిలిక్ నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఊలుకు అంత తేలిగ్గా నిప్పు అంటుకోదు. పసిబిడ్డకు కప్పేది కాబట్టే, రెట్టింపు పైగా ఖరీదైనా మెరినో కొన్నాను. అక్రిలిక్ చెడ్డదని నేననడం లేదు, ఇంట్లో బోలెడు వాడతాను. అక్రిలిక్ అని చెప్పి అమ్మితే ఆ ధరకు, ఆ పనికి తీసుకుంటాను.

రాత్రి అమ్మ ఏమీ అనకుండా కూర్చుని ఎనిమిది ముక్కలు విప్పి ఉండలు చుట్టేసింది. మా అమ్మాయి తను అల్లిన మొదటి ముక్క మాత్రం విప్పనివ్వలేదు, తన పుస్తకాల అరలో పెట్టుకుంది.

ఈ ఉదయం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. చాట్, చెల్లింపు వివరాలు, తూకం ఫొటోలు అన్నీ దాచాను. పార్సిల్ విప్పేటప్పుడు మాత్రం వీడియో తీసుకోలేదు. మీరు తీయండి. కొత్త రకం ఊలు అయితే ముందు ఒక్క ఉండే తెప్పించుకుని, కాల్చి, తూచి, ఆ తర్వాతే మిగతావి కొనండి. ఆవిడ దగ్గర ఇప్పటికే మెరినో కొన్నవాళ్లు ఈరోజే ఓ పోగు కాల్చి చూసుకోండి, అక్రిలిక్ అని తేలితే మీరూ 1915కి చెప్పండి.

హైదరాబాద్‌లో చేత్తో పట్టుకు చూసి మెరినో కొనుక్కునే కొట్టు తెలిస్తే ఎవరైనా చెప్పండి. కూకట్‌పల్లి నుంచి ఎంత దూరమైనా వెళ్తాను. దుప్పటి నవంబరు నెలాఖరుకు కొరియర్‌లో పడాలి.