పర్లాకిమిడిలో మామిడి అంట్లు కొంటున్నారా? ముందు టేపు విప్పి చూడండి

ఇంకా కోపం తగ్గలేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. వాన పడగానే రోడ్డు పక్కన మొక్కలు పరిచే పెద్దమనిషి మీ అందరికీ తెలుసు. పేరు రాయను. అట్ట మీద ఒడియాలో ‘కలమి’ అని, కింద తెలుగులో ‘అంటు’ అని రాసుంటుంది చూడండి, ఆయనే. మొన్న ఆయన దగ్గర బంగినపల్లి అంట్లని 40 మొక్కలు తెచ్చాను. ఒక్కోటి 120. ఆటో కిరాయితో కలిపి ఐదు వేలు దాటింది.

ఈ రోజు పొద్దున గోతిలో పెడుతుంటే ఒక మొక్కకి, అంటు కట్టిన అతుకు మీద చుట్టే టేపు బాగా బిగుసుకుపోయినట్టు కనిపించింది. బ్లేడు పెట్టి విప్పాను. లోపల అతుకు లేదు. కాండం మొదలు నుంచి చిగురు దాకా ఒకటే, నున్నగా ఉంది. బెరడు మీద ఏటవాలుగా చాకుతో గీసిన గీత ఒకటి, అంతే. రెండోది విప్పాను. అదే గీత. పదకొండు విప్పాక ఇక చెయ్యి రాలేదు. అన్నీ టెంక మొక్కలే!

మట్టి చేతులతోనే బండెక్కి వెళ్లాను. ఆయన టీ తాగుతున్నాడు, గ్లాసు కూడా కింద పెట్టలేదు. ‘‘అంటు ఏదండీ ఇందులో?’’ అంటే నా చేతిలో టేపు ముక్క చూపించి, ‘‘అంటించాం కదా బావూ, నువ్వే పీకేశావు’’ అన్నాడు. పక్కనున్న ఇద్దరూ పకపకా నవ్వారు. ‘‘మామిడి టెంకకి మామిడే కాస్తాది, కొబ్బరి కాయదులే’’ అని పైనుంచి ఇంకోటి. ఐదు వేలు పోతే పోయాయి, ఆ నవ్వు మాత్రం ఇంకా చెవుల్లోనే ఉంది.

మామిడే కాస్తుంది, సరే. ఏ మామిడి? బంగినపల్లి టెంకలో ఉండేది ఒక్క పిండం. దానికి పుప్పొడి ఏ పీచుకాయ చెట్టు నుంచి వచ్చిందో ఎవరు చూశారు? అంటయితే తల్లి చెట్టు కొమ్మే మన దొడ్లో మళ్లీ పెరిగినట్టు. మూడు నాలుగేళ్లకే కాపు, అదే పండు. టెంక మొక్కని ఏడెనిమిదేళ్లు సాకితే గానీ అది పులుపో తీపో తేలదు.

ఇదంతా నాకు తెలీదా? బడిలో శాఖీయ ప్రత్యుత్పత్తికి, అంటే గింజ లేకుండా ఆకు, కొమ్మ, పిలక నుంచే కొత్త మొక్క రావడానికి, రణపాల ఆకు బొమ్మ గీసి మార్కులు కొట్టేసిన మేధావినే. దొడ్లో మునగ కొమ్మ పాతి పెంచినదే, అరటి పిలక తెచ్చి వేసినదే. అయినా టేపు రంగు చూసి పడిపోయాను. కొనేటప్పుడే అమ్మ అంది, ‘‘ఒకటి విప్పి చూడరా’’ అని. ‘‘నీకేం తెలుసే’’ అన్నాను. ఇప్పుడు ఆవిడ ఏమీ అనడం లేదు, అదే ఎక్కువ బాధగా ఉంది.

కొనేవాళ్లు కాండం మీద అడుగున ఏటవాలు అతుకు వెతకండి. అతుక్కి పైన ఒక రకం బెరడు, కింద ఇంకో రకం కనిపిస్తుంది. ఒక మొక్కకైనా టేపు విప్పనిస్తేనే డబ్బులివ్వండి.

మొక్కలు పారెయ్యను. ఈ మొదళ్ల మీదే చేలో అసలైన బంగినపల్లి కొమ్మ అంటు కట్టించుకోవచ్చు. చెయ్యి తిరిగినవాళ్లెవరైనా తెలిస్తే చెప్పండి, పాతపట్నం వైపు వాళ్లయినా పర్లేదు.