పాల నురుగు పల్చబడితే: టిప్ కడగడం, డీస్కేలింగ్, కొత్త ఫ్రాదర్... ఏది మేలు?

కాఫీ మెషిన్‌లో నురుగు తగ్గగానే చాలామంది పాలు మార్చి చూస్తారు, లేదంటే డీస్కేలింగ్ (లోపల పేరుకున్న సున్నాన్ని మందుతో వదిలించడం) మొదలుపెడతారు. అంతకన్నా ముందు ఆవిరిని చూడండి. ఖాళీ జగ్గులోకి కాసేపు వదలండి. మొదట నాలుగు చుక్కలు నీళ్లు రావడం మామూలే. ఆ తర్వాత బుస్సుమని ఎడతెగకుండా వస్తే మెషిన్ బాగానే ఉంది, తేడా పాలలోనో, మీ చేతిలోనో, గొట్టానికి తొడుగు ఉంటే దాని గాలి రంధ్రంలోనో ఉంది. నీరసంగా వస్తే, మెషిన్ ఆపి, ఆవిరి వచ్చే గొట్టం చల్లారాక దాని చివర ఉండే చిన్న ముక్కను, అంటే టిప్‌ను, విప్పి చూడండి. దాని రంధ్రాలు మూసుకుపోయి ఉంటే దొంగ దొరికినట్టే. టిప్ శుభ్రంగా ఉన్నా ఆవిరి పుంజుకోకపోతే లోపల సున్నం పేరుకుందేమో అనుమానించాలి.

కడగడమా, డీస్కేలింగా అంటే నేను ముందు కడగమనే అంటాను. మా మెషిన్ గొట్టానికి ఒక తొడుగు ఉంది. దాని పైభాగంలో గుండుసూది తలంత రంధ్రం, గాలి లోపలికి వెళ్లేది అందులోంచే. ఆవిరి జోరుగా వస్తున్నా వారం రోజులు నురుగు లేదు. చివరికి తొడుగు తీసి లైటు కింద పెట్టి చూస్తే, ఆ రంధ్రంలో ఎండిపోయిన పాల పెచ్చు! వేడినీళ్లలో నానబెట్టి సన్నటి సూదితో తీశాను. ఆ వెంటనే పెట్టిన పాలు జగ్గు అంచుదాకా పొంగాయి. ఇలాంటి తొడుగు మీకూ ఉంటే ఆ రంధ్రం పాలలో మునగకూడదు, మునిగితే గాలి అందదు.

డీస్కేలింగ్ అవసరమే, కానీ అది పాల పెచ్చును వదిలించే పని కాదు. సున్నం కోసమే చేయాలి, అదీ మెషిన్ తయారీదారు చెప్పిన మందుతోనే. వెనిగర్ వద్దు, వాసన ఓ పట్టాన పోదు.

ఇక పాలు. నురుగును నిలబెట్టేది ప్రోటీన్. వెన్న తీసిన పాలు ఎత్తుగా పొంగుతాయి కానీ నురుగు పొడిపొడిగా ఉంటుంది. వెన్న ఉన్న పాల నురుగు అంత ఎత్తు లేకపోయినా నున్నగా కాఫీలో కలిసిపోతుంది, నాకు అదే ఇష్టం. కాకపోతే పాలు పాతబడేకొద్దీ కొవ్వు విడిపోయి ఆమ్లాలుగా మారుతుంది, అవి బుడగలను పగలగొడతాయి. వాసన బాగానే ఉన్నా నురుగు నిలవదు. అందుకే తాజా పాలు, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినవి వాడండి. తొడుగు లేని గొట్టమైతే టిప్‌ను పాల పైపొరకు కాస్త కింద ఉంచి, పాలు గోరువెచ్చన అయ్యేలోపే గాలి పట్టించాలి. తర్వాత లోతుకు దించి సుడి తిరగనివ్వాలి. 60 నుంచి 65 డిగ్రీల దగ్గర ఆపేయాలి. 70 దాటితే పాలు తియ్యదనం పోయి కాచిన వాసన కొడతాయి.

ఇక కొత్త ఫ్రాదర్. పాలను గిలక్కొట్టి నురుగు తెచ్చే, బ్యాటరీతో తిరిగే చేతి ఫ్రాదర్ చవక, కడగడం తేలిక. కానీ పాలు విడిగా వేడిచేసుకోవాలి, బుడగలు పెద్దవిగా వస్తాయి. అసలు ఆవిరి గొట్టమే లేని మెషిన్ ఉన్నవాళ్లకు నిక్షేపంగా పనికొస్తుంది. గొట్టం ఉన్నవాళ్లు మాత్రం ముందు ఆ టిప్ విప్పి చూడండి.