కృత్రిమ కాళ్ల కేంద్రం పెట్టేవాళ్లకు జైపూర్ కాలు ఎంతవరకు పనికొస్తుంది?

ఈ సమీక్ష మోకాలి కింద కాలు పోయినవాళ్లకు హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపుతో చేసే జైపూర్ కాలు గురించి. కాలు తొడుక్కునేవాళ్లకన్నా, తక్కువ ఖర్చులో ఇలాంటి కాళ్లు చేసిచ్చే చిన్న కేంద్రం పెడదామనుకునేవాళ్లకు ఇది ఎక్కువ ఉపయోగపడుతుంది. ముందే తేల్చి చెప్పాలంటే, పాదం మంచి సరుకు. సాకెట్, అంటే కాలు తీసేశాక మిగిలిన మొండిని దూర్చే తొడుగు, మాత్రం చేసే చేతిని బట్టి ఉంటుంది. కాబట్టి పాదం కొనుక్కోండి, డబ్బూ శ్రద్ధా సాకెట్ మీద పెట్టండి.

మొదట పాదం సంగతి. 1960ల చివర్లో జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో శిల్పకారుడు రామచంద్ర శర్మ, ఎముకల డాక్టర్ పి.కె. సేఠీ కలిసి దీన్ని రూపొందించారు. అప్పటికి ప్రపంచమంతా వాడుతున్నది సాచ్ పాదం. దాని లోపల గట్టి చెక్క ముందువైపు దాకా ఉంటుంది, పైన బూటు వేసుకోవాలి, చీలమండ దగ్గర వంగదు. జైపూర్ పాదంలో చెక్క దిమ్మ చీలమండ దగ్గరే ఆగిపోతుంది. మడమలోనూ ముందుభాగంలోనూ మెత్తటి స్పాంజి రబ్బరు దిమ్మలుంటాయి. వీటన్నిటినీ టైరు దారంతో చుట్టి, పైన చర్మం రంగు రబ్బరు వేసి, అచ్చులో పెట్టి ఉడికిస్తారు. అందుకే ఈ పాదం పైకి వంగుతుంది, పక్కలకూ కాస్త ఒరుగుతుంది. గొంతుక్కూర్చోవచ్చు, బాసింపట్టు వేసుకోవచ్చు, చెప్పుల్లేకుండా పొలం గట్టు మీద నడవచ్చు. మన జీవనానికి ఇంతకన్నా సరిపడే పాదం ఇంత తక్కువలో దొరకడం కష్టం.

లోపాలూ ఉన్నాయి. సాచ్‌తో పోలిస్తే బరువెక్కువ. ముందుభాగం మెత్తన కావడంతో అడుగు చివర్లో కాలివేళ్ల వైపు పడాల్సిన ఊతం తగ్గుతుంది. వేగంగా నడిచేవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. చేత్తో చేసే వస్తువు కనుక ఒక పాదానికీ ఇంకో పాదానికీ తేడా వస్తుంది. పెట్టె రాగానే ప్రతి పాదాన్నీ తూకం వేయండి. మడమను బొటనవేలితో నొక్కి, ఒకే సైజువి పక్కపక్కన పెట్టి చూడండి. ముందుభాగాన్ని పైకి వంచి వేళ్ల మొదట్లో సన్న చీలికలుంటే వెనక్కి పంపండి. చీలికలోంచి నీళ్లు దిగితే చెక్క ఉబ్బుతుంది, ఆపైన స్క్రూలు పట్టు వదులుతాయి. సరఫరాదారును ఐఎస్ఓ 10328 (కృత్రిమ కాళ్ల బలాన్ని పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం) పరీక్ష నివేదిక అడగండి. దాని పీ3 స్థాయి 60 కిలోల మనిషికి, పీ4 80 కిలోలకు, పీ5 100 కిలోలకు. ప్రతి స్థాయిలో లక్షల సార్లు భారం వేసి తీస్తారు. నివేదిక చూపించలేనివాళ్ల దగ్గర ధర ఎంత తక్కువైనా కొనకండి.

ఇక సాకెట్. మొండి మీద తడి స్టాకినెట్ (సాగే గుడ్డ గొట్టం) తొడిగి, కాపీయింగ్ పెన్సిల్‌తో మూడు చోట్ల గుర్తులు పెడతారు: మోకాలిచిప్ప కింది పట్టీ (టెండన్), ముందు ఎముక అంచు, బయటివైపు ఎముక తల. మోకాలిని 20 నుంచి 30 డిగ్రీలు వంచి ఉంచి, 15 సెంటీమీటర్ల పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) కట్లు రెండు మూడు చుట్టి, చిప్ప కింద బొటనవేళ్లతో నొక్కి పట్టుకుంటారు. ఆరాక ఊడదీసిన మూసలో, మధ్యలో ఇనుప పైపు నిలబెట్టి, ప్లాస్టర్ పోస్తారు. గుర్తులు అలా తయారైన ప్లాస్టర్ ముద్ద మీదికి దిగాలి. దిగకపోతే మళ్లీ కట్టు వేయడమే మేలు, అంచనాగా చెక్కితే తర్వాత బొబ్బలే.

అసలు పనితనం చెక్కడంలో ఉంది. భారం మోయగల చోట ప్లాస్టర్ తీస్తారు: చిప్ప కింది పట్టీ దగ్గర సుమారు ఒక సెంటీమీటరు దాకా, మోకాలి వెనక కొంత. భారం మోయలేని చోట మెత్తుతారు: ముందు ఎముక అంచు మీద, బయటి ఎముక తల మీద, ఎముక కొస మీద 3 నుంచి 6 మిల్లీమీటర్లు. ఇక్కడ చెయ్యి తప్పితే ఎంత ఖరీదైన పాదం పెట్టినా ఆ మనిషి కాలు విప్పి గోడకు ఆనించేస్తాడు.

పైపును సుమారు 180 డిగ్రీల ఓవెన్‌లో మెత్తబడేదాకా ఉంచి, గ్లవుజులతో ముద్ద మీదికి లాగుతారు. హెచ్‌డీపీఈ 130 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. ఓవెన్‌లో ఒక పక్క ఎక్కువ వేడి ఉంటే పైపు ఒక పక్కే సాగుతుంది, సాగిన చోట గోడ పలచబడుతుంది. క్యాలిపర్‌తో నాలుగు వైపులా కొలవకుండా ఏ సాకెట్‌నూ బయటికి పంపకూడదు. చల్లారేటప్పుడు ఈ ప్లాస్టిక్ కుంచించుకుంటుంది. ముద్ద మీద రాత్రంతా వదిలేస్తే ఆకారం నిలుస్తుంది, తడిగుడ్డ వేసి గంటలో ఊడదీస్తే బిగుసుకుపోతుంది. ఒకే రోజులో కొలత తీసి కాలు ఇచ్చి పంపడం జైపూర్ పద్ధతికి పేరు తెచ్చింది. దూరం నుంచి కూలి మానుకుని వచ్చినవాడికి అది నిజంగా వరం. అయితే సాకెట్ తప్పుల్లో చాలా వాటికి మూలం కూడా ఆ తొందరే. కొత్త కేంద్రం రెండు రోజులు తీసుకోవాలి, రాత్రి పడుకోవడానికి నాలుగు మంచాలు వేయాలి. ఓవెన్ తర్వాత పెట్టాల్సిన మొదటి ఖర్చు ఆ మంచాలే.

పైపు కింది కొసను వేడిచేసి పాదం చెక్క దిమ్మ మీదికి ఎక్కించి స్క్రూలు బిగిస్తారు. స్క్రూకి ముందు గుండ్రటి రంధ్రం వేయాలి. నేరుగా తిప్పితే పైపు అంచు నుంచి పగులు మొదలవుతుంది. ఈ పద్ధతిలో పెద్ద ఇబ్బంది, ఒకసారి బిగించాక పాదం కోణాన్ని సరిచేయడం దాదాపు కుదరదు. రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ వాడే పాలీప్రొపిలీన్ కాలులో పుటాకార, కుంభాకార బిళ్లలు ఉంటాయి. నడిపించి చూసి, సరిచేసి, ఆ తర్వాతే అతుకుతారు. నడక తీరు విషయంలో నా ఓటు దానికే. పాలీప్రొపిలీన్ సాకెట్ కింద జైపూర్ పాదం పెట్టగలిగే అడాప్టర్ దొరికితే రెండింటి మేలూ దక్కుతుంది, బోల్టు సైజు మాత్రం ముందే సరిచూసుకోండి.

కాలు ఇచ్చాక వచ్చే ఫిర్యాదులు కొన్నే. మొదటి ఏడాదిలో మొండి సన్నబడుతుంది, సాకెట్ వదులై లోపల పైకీ కిందకీ జారుతుంది, ఎముక కొస ఒరుసుకుని పుండు పడుతుంది. ముందు మొండికి ఒక మేజోడు, తర్వాత రెండోది వేయించాలి. మూడు నాలుగు వేసినా ఆడుతుంటే కొత్త సాకెట్ చేయాల్సిందే. పైన బిగుతుగా ఉండి అడుగున ఖాళీ ఉంటే మొండి కొస ఎర్రబడి వాస్తుంది. దీన్ని చాలామంది ఇన్‌ఫెక్షన్ అనుకుంటారు. అడుగు ఖాళీని నింపితే చాలాసార్లు తగ్గిపోతుంది. షుగరు వల్ల కాలు తీసేసినవాళ్లకు ఈవీఏ ఫోమ్ లైనర్ (లోపలి మెత్తటి పొర) లేకుండా గట్టి సాకెట్ ఇవ్వడం ప్రమాదం. స్పర్శ తెలియదు కనుక పుండు పడ్డ సంగతి వాళ్లకే ఆలస్యంగా తెలుస్తుంది.

మోకాలి పైన కాలు పోయినవాళ్లకు స్టాన్‌ఫోర్డ్ విద్యార్థులతో కలిసి చేసిన జైపూర్ మోకాలు ఉంది. 2009లో టైమ్ పత్రిక ఆ ఏడాది మేటి ఆవిష్కరణల్లో దాన్ని చేర్చింది. బాగుంటుంది, కానీ కొత్త కేంద్రం మొదటి ఏడాది ఆ కేసుల జోలికి పోకుండా పెద్ద కేంద్రానికి పంపడం మంచిది.

డబ్బు సంగతి. 1975లో డి.ఆర్. మెహతా మొదలుపెట్టిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి జైపూర్ కాళ్లను ఉచితంగానే ఇస్తోంది. కాన్పూర్‌లోని ప్రభుత్వ సంస్థ అలింకో, వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద శిబిరాలు పెడుతుంది. ఇంకో ఉచిత శిబిరం కోసం దాతల దగ్గరికి వెళ్తే, ఇప్పటికే ఉన్నాయిగా అంటారు. శిబిరం వెళ్లిపోయాక సాకెట్ సరిచేసేవాళ్లు దగ్గర్లో లేకపోవడమే లోటు, డబ్బు అడగాల్సింది దానికే. బడ్జెట్‌ను కాలుకింత అని రాయకండి, మనిషికి రెండేళ్లకింత అని రాయండి. మొదటి కాలు, ఏడాదిలోపు రెండో సాకెట్, మేజోళ్లు, కాలు జారకుండా కట్టుకునే పట్టీ, మూడు సార్లు వచ్చిపోయే బస్సు ఛార్జీలు అందులో ఉండాలి. ఎన్ని కాళ్లు ఇచ్చారన్న లెక్కతో పాటు, ఏడాది తర్వాత ఎందరు తొడుక్కుంటున్నారన్న లెక్కనూ మీ అంతట మీరే ఇవ్వండి.

కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధుల మీద ఆశ పెట్టుకునేముందు నిబంధన చదవాలి. బయటి ట్రస్టుకు ఆదాయపు పన్ను కింద 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, సీఎస్ఆర్ పనులకు నమోదైనట్టు చూపే సీఎస్ఆర్-1 నంబరు, ఇలాంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. నిన్న పుట్టిన ట్రస్టుకు ఆ తలుపు తెరుచుకోదు. విదేశీ విరాళాలకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ కావాలన్నా మూడేళ్ల ఉనికి, ఆ కాలంలో 15 లక్షల రూపాయల ఖర్చు చూపాలి. అందుకే మొదటి మూడేళ్లు అర్హత ఉన్న ఆసుపత్రి ట్రస్టులో ఒక విభాగంగా నడపడం తెలివైన దారి. సీఎస్ఆర్ కింద అడిగేటప్పుడు 'కొనసాగే ప్రాజెక్టు'గా అడగండి. మొదలుపెట్టిన ఆర్థిక సంవత్సరం కాక మరో మూడేళ్ల దాకా సాగించవచ్చు కనుక రెండో సాకెట్ ఖర్చు అందులోనే ఇముడుతుంది. ఓవెన్, వాక్యూమ్ పంపు లాంటివి ఎవరి పేరు మీద ఉంటాయో ఒప్పందంలో రాయించుకోండి. కంపెనీ తన పేరు మీద ఉంచుకోవడానికి సీఎస్ఆర్ నిబంధనలు ఒప్పుకోవు.

జీతాల దగ్గర పిసినారితనం వద్దు. రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదైన ప్రోస్థటిస్ట్ (కృత్రిమ అవయవాల నిపుణుడు) లేకుండా కేంద్రం తెరవకూడదు. ఆ జీతానికి డబ్బు చాలకపోతే నెలలో పది రోజులే తెరవండి. పాదాలు చేసే అచ్చులు, రబ్బరు ఉడికించే యంత్రం కొందామని ఎవరైనా ప్రతిపాదిస్తే ఆ పేజీ చించేయండి. నెలకు వందల పాదాలు పోతే తప్ప అది గిట్టదు.