పేర్పు పజిల్‌కి రుజువు: బొమ్మా, లెక్కా, ఏది మేలు?

8×8 చదరాన్ని నాలుగు ముక్కలు చేసి 5×13 దీర్ఘచతురస్రంగా పేరిస్తే 64 గడులు కాస్తా 65 అవుతాయి. ఈ గారడీ చూసినవాళ్లంతా అడిగేది ఒకటే: ఇక బొమ్మని రుజువుగా ఎలా నమ్మడం?

నమ్మొచ్చు. కాకపోతే మీరు చెప్పదలచుకున్నది ముక్కలు ఆ చోట్లో "పడతాయి" అనా, "పట్టవు" అనా అన్నది ముందు తేల్చుకోవాలి.

"పడతాయి" అనడానికి బొమ్మని మించింది లేదు. పన్నెండు పెంటామినోల్ని (ఐదేసి గడులు అంచులు కలిపి చేసిన ముక్కల్ని) 6×10 పలకలో పేర్చి చూపిస్తే అయిపోయింది. అంచులన్నీ గడుల గీతల మీదే ఉంటాయి గనక ఎవరైనా వేలు పెట్టి లెక్కపెట్టుకోవచ్చు. ఏటవాలు కోతలు వచ్చాయా, కంటిని నమ్మకండి. పై గారడీలో త్రిభుజం వాలు 3/8, అంటే 0.375. దాన్ని ఆనుకున్న ట్రెపీజియం వాలు 2/5, అంటే 0.4. కోణంలో తేడా డిగ్రీంపావు. కర్ణంలా కనిపించేది నిజానికి సన్నటి సందు, ఎక్కువొచ్చిన గడి దాని వైశాల్యమే. గడి ఒక సెంటీమీటరైతే ఆ సందు పొడవు 14 సెం.మీ.కి కాస్త తక్కువ, వెడల్పు 1.2 మి.మీ. దాటదు. లావుపాటి స్కెచ్ పెన్ను గీతలో కలిసిపోతుంది. కాబట్టి ప్రతి మూలకీ నిరూపకాలు రాసి, ఒకే గీత మీద ఉండాల్సిన అంచుల వాలు సమానమేనా చూడండి. అలా సరిచూడ్డానికి వీల్లేని బొమ్మ గోడకి తగిలించుకోవడానికే.

"పట్టవు" అన్నచోట లెక్కదే పైచేయి. చదరంగం బల్లకి ఎదురెదురు మూలలు తీసేస్తే మిగిలిన 62 గడుల్ని 31 డొమినోలు (పక్కపక్క రెండు గడుల్ని కప్పే ముక్కలు) కప్పలేవు. కుదరని పేర్పులు వంద గీసి చూపించినా లాభం లేదు. తీసినవి రెండూ ఒకే రంగువి; మిగిలినవి ఒక రంగు 32, ఇంకో రంగు 30. డొమినో ఎక్కడ పెట్టినా రంగుకొక గడి చొప్పునే కప్పుతుంది.

అదే బల్లలో వేర్వేరు రంగుల గడులు తీస్తే? ఇక్కడ గణితవేత్త రాల్ఫ్ గోమరీ బొమ్మ ముందు ఏ లెక్కా నిలవదు. 64 గడుల్లోనూ ఒక్కోసారి నడిచి బయల్దేరినచోటికే చేరే దారి గీయండి. దారి పొడుగునా రంగులు మారుతూ వస్తాయి గనక, తీసిన రెండు గడుల మధ్య మిగిలే తునకల్లో గడులు ఎప్పుడూ సరిసంఖ్యే. డొమినోలు వరసగా పరుచుకుంటూ పోవడమే. 1024 సందర్భాలకి ఒక్క బొమ్మ!

క్రమ షడ్భుజిని రాంబస్‌లతో (రెండు సమబాహు త్రిభుజాలు అతికిన ముక్కలతో) ఎలా నింపినా మూడు దిశలవీ సమానంగానే వస్తాయనే పజిల్‌కి రెండు బొమ్మలున్నాయి. భుజం 3 అయితే 27 రాంబస్‌లు, మూడు దిశలవీ తలా 9. మూడు రంగులేసి, మూలన పేర్చిన ఘనాల్లా చూపించే బొమ్మకే పేరెక్కువ. అందం సరే, ప్రతి పేర్పూ ఘనాల గుట్టే అవుతుందని అది చెప్పదు. నా ఓటు రెండోదానికి: పై భుజంలోని ఒక్కో అంచు నుంచి, దానికి సమాంతరమైన అంచులు దాటుకుంటూ కింది భుజం దాకా దిగండి. మూడు దారులు, దారికి 6 రాంబస్‌లు, మొత్తం 18. దారిలో పడనివన్నీ ఒకే దిశవి, 9. మిగతా దిశలకీ ఇంతే.

కంప్యూటర్ వెతుకులాట మూడో దారి. 6×10 పలకలో పెంటామినోల పేర్పులు 2339 అని చెప్పడానికి అదే దిక్కు. ఇక భుజం 1 ఉన్న 11 చదరాల్ని పట్టించడానికి సుమారు 3.8771 భుజమున్న పెద్ద చదరం చాలని బొమ్మ చూపించింది. అంతకన్నా తక్కువలో పట్టవని మాత్రం ఇంకా ఎవరూ రుజువు చేయలేదు.