గైడ్‌తో పిట్టల టూర్లు: మంగళాజోడి నుంచి సింహరాజ దాకా ఎక్కడ గిట్టుబాటు, ఎక్కడ దండగ

పిట్టల్ని చూడటానికి కూడా డబ్బులు కట్టాలా, చెరువు గట్టు మీద కూర్చుంటే కనపడవా అని మా ఇంట్లోనే అంటారు. ఎందుకు కనపడవు? కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు, అదృష్టం బాగుంటే కరెంటు తీగ మీద పాలపిట్ట, అన్నీ కనపడతాయి, వాటికోసం ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. కానీ పగలంతా ఎండుటాకుల మధ్య ఎండుటాకులాగే కదలకుండా కూర్చునే పిట్టని చూడాలంటే, అది నిన్న ఏ కొమ్మ మీద ఉందో తెలిసిన మనిషి పక్కన ఉండాలి. మనం డబ్బు కట్టేది ఆ మనిషి కోసం. ఇక్కడా, శ్రీలంకలో, అమెరికాలో తిరిగాక నాకు గట్టిగా అనిపించింది ఇదే, కింద రాసిన మంచీచెడూ అంతా దీన్నిబట్టి రాసినదే.

ముందు మంగళాజోడి, ఎందుకంటే ఖర్చుకీ చూసినదానికీ లెక్క వేస్తే నా లిస్టులో మొదటిది అదే. ఒడిశాలో చిలికా సరస్సు ఉత్తరపు అంచున ఉన్న ఊరు, భువనేశ్వర్ నుంచి కారులో గంటన్నర, మహా అయితే రెండు గంటలు. మనవాళ్ళకి ఇంకా సులువు, విశాఖ మీదుగా హౌరా వైపు పోయే రైలెక్కి బాలుగావ్‌లోనో ఖుర్దా రోడ్‌లోనో దిగి బండి మాట్లాడుకోవచ్చు. ఒకప్పుడు ఈ ఊళ్ళో చాలామందికి పిట్టల వేటే బతుకుతెరువు. చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చే బాతుల్ని పట్టి అమ్మేవాళ్ళు. తర్వాత స్వచ్ఛంద సంస్థల వాళ్ళు ఊళ్ళో కూర్చుని మాట్లాడి మాట్లాడి, ఆ వేటగాళ్ళలోనే కొందరిని కాపలాదారులుగా, పడవ గైడ్లుగా మార్చారు. పేపర్లో చదివితే ఇలాంటివి కాస్త తియ్యగా రాస్తారులే అనిపిస్తుంది గానీ పడవ ఎక్కాక మాత్రం నమ్మాల్సిందే, ఎందుకంటే వేట తెలిసిన కన్ను వేరే.

ఇంజిన్ లేని పడవ. వెనక నిలబడి పొడవాటి వెదురు గడతో నెడతారు, రెల్లు మధ్య సన్నటి కాలవల్లో చప్పుడు లేకుండా పోతుంది. మనం ఇంకా బైనాక్యులర్ సర్దుకుంటూ ఉండగానే వెనక నుంచి చిన్న గొంతుతో ‘గాడ్‌విట్, గాడ్‌విట్’ అని వినపడుతుంది, చూస్తే బురదలో పొడవాటి ముక్కు దించి కుట్టుమిషన్ సూదిలా పొడుస్తున్న వందల పిట్టలు. నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటి. గుంపు అంతా తింటూనే ఉంది, మా గైడ్ ఉన్నట్టుండి గడ ఆపేసి ‘ఇప్పుడు లేస్తాయి చూడండి’ అన్నాడు హిందీలో. నాలుగైదు పిట్టలు తలెత్తి ఒకే దిక్కుకి చూస్తున్నాయట, అంతే ఆయనకి అందిన కబురు. అర నిమిషంలో మార్ష్ హారియర్ అనే గద్ద రెల్లు మీదుగా తేలుతూ వచ్చింది, గుంపు మొత్తం ఒక్కసారి లేచింది. ఇది ఏ యాప్ చెబుతుంది? నీలి బొల్లికోళ్ళని చంటిపిల్లలు కూడా చూపిస్తారు గానీ, గడ్డి మొదట్లో నక్కి నడిచే బెయిలన్స్ క్రేక్ లాంటిదాన్ని వేలు పెట్టి చూపించడం, మనకి దొరకకపోతే పడవని జానెడు పక్కకి జరిపి మళ్ళీ చూపించడం, అదీ పనితనం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పడవ లోతు తక్కువ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఎక్కడం దిగడం కష్టం, ఒకసారి ఎక్కితే బాత్రూమ్ మాట మర్చిపోవాలి. గదులు మామూలుగా ఉంటాయి. ఆదివారం వెళ్తే పెద్ద లెన్సుల జనం, పక్కకి పోనివ్వు ఇంకా పక్కకి పోనివ్వు అని గైడ్ ప్రాణం తీస్తుంటారు. మా గైడ్ వాళ్ళ మాట వినకుండా దూరంగానే ఆపాడు, అందుకే టిప్ ఇంకాస్త ఎక్కువిచ్చాను.

తట్టేకాడ్ గురించి తెలుగువాళ్ళలో ఫొటోలు తీసేవాళ్ళందరికీ తెలుసు కాబట్టి క్లుప్తంగా రాస్తాను. కేరళలో కొచ్చి నుంచి కోతమంగళం మీదుగా వెళ్ళాలి, పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పేరు పెట్టిన పిట్టల శాంక్చువరీ, 1983లో ఏర్పడింది. ఇక్కడ చాలామంది గైడ్లకి హోమ్‌స్టేలు కూడా ఉన్నాయి, అంటే ఆ ఇంటి భోజనమే తింటూ, ఆ ఇంటాయనతోనే తెల్లారి అడవికి పోవడం. మొదట్లో చెప్పిన ఎండుటాకు పిట్ట ఇక్కడిదే, పేరు శ్రీలంక ఫ్రాగ్‌మౌత్. మగది బూడిద రంగు, ఆడది ఎర్రమట్టి రంగు, రెండూ ఆనుకుని కూర్చుంటాయి. గైడ్ చెయ్యి చాపి చూపిస్తున్నా నాకు కనపడలేదు, కనపడ్డాక అవి ఎంత దగ్గర ఉన్నాయో చూసి నవ్వొచ్చింది. మలబార్ ట్రోగన్ కూడా దొరికింది. నాకు నచ్చనిది అక్కడ పెరిగిపోతున్న హైడ్‌ల వ్యవహారం, అంటే మాటున దాక్కుని ఫొటోలు తీసే చోట్లు. చిన్న నీటి గుంట ముందు గుడ్డ కట్టి సీటుకి ఇంత అని తీసుకుంటారు, పిట్ట వస్తుంది, పది కెమెరాలు టకటకమంటాయి, పోతుంది. ఫొటోలే కావలసినవాళ్ళకి అంతకంటే సుఖం లేదు. నాకైతే డాక్టర్ దగ్గర టోకెన్ తీసుకుని కూర్చున్నట్టు ఉంది. ఫోన్‌లో పిట్ట కూత పెట్టి పిలిపించే గైడ్లు కూడా తగులుతారు, గూళ్ళు కట్టే కాలంలో అలా చేస్తే పాపం అది పిల్లల సంగతి వదిలేసి, లేని శత్రువుని వెతుక్కుంటూ తిరుగుతుంది. వద్దని ముందే చెప్పండి, మంచి గైడ్ అయితే సంతోషిస్తాడు.

ఇక దండగ సంగతి. పేరు రాయను గానీ, ఒక సిటీ నుంచి నడిపే వీకెండ్ ప్యాకేజీలో నేలపట్టు, పులికాట్ చూడటానికి వెళ్ళాం. నేలపట్టు మామూలు చోటు కాదు, నీళ్ళలో నిలబడ్డ చెట్ల నిండా గూడబాతుల గూళ్ళు, చలికాలంలో పిల్లల అరుపులు, పక్కన వాచ్‌టవర్. అలాంటి చోటికి మమ్మల్ని టిఫిన్లు తినిపించి, దారిలో కాఫీకి ఆపి, గ్రూప్ ఫొటో తీసి, ఎండ నడినెత్తికి వచ్చే వేళకి చేర్చారు. బస్సు నిండా జనం, ఒక్కడే లీడర్, అతను ముందు నడుస్తూ ఏదో చెబుతుంటే వెనకున్నవాళ్ళకి మైకు లేని సభలో ఉన్నట్టే. పులికాట్‌లో సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద బండి ఆపితే రాజహంసలు గులాబీ గీతలా దూరంగా కనిపించాయి, స్కోప్, అంటే దూరపు పిట్టల్ని దగ్గరగా చూపే టెలిస్కోప్, తెస్తామన్నవాళ్ళు తేలేదు. చివరికి నేలపట్టులో ఒక ఊరి పెద్దాయనతో మాటలు కలిపితే అసలు విషయం ఆయన చెప్పాడు, ఈ పిట్టల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి బలమని, అందుకే ఊళ్ళోవాళ్ళు ఎప్పటినుంచో వీటి జోలికి ఎవరినీ పోనివ్వరని. ఆయన్ని గైడ్‌గా పెట్టి సగం డబ్బు ఆయనకే ఇచ్చినా సరిపోయేది. తెల్లారేసరికి నేలపట్టులో ఉండేలా రాత్రి సూళ్ళూరుపేటలోనో నాయుడుపేటలోనో పడుకుంటే ఈ ప్యాకేజీలు ఏవీ అక్కర్లేదు.

సింహరాజ. దీని గురించి ఎంత రాసినా తక్కువే. శ్రీలంక నైరుతి మూలన ఉన్న వాన అడవి, 1988 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది, కొలంబో నుంచి కుడవ అనే ఊరు వైపు నుంచి వెళ్ళాలి. లోపలికి గైడ్ లేకుండా పంపరు, పంపినా ఉపయోగం లేదు. ఎందుకో చెబుతాను. అడవిలో గంటసేపు నడిచినా ఒక్క పిట్ట ఉండదు, జలగలు మాత్రం ఉంటాయి, కావలసినన్ని. మనకి విసుగు పుడుతుంది. అప్పుడు గైడ్ ఆగిపోతాడు, దూరంగా ఏదో కిచకిచ వినపడింది అతనికి. అది నారింజ ముక్కు బాబ్లర్ల గోల, మన పసులపోలిగాడికి దగ్గరి చుట్టమైన జుట్టు డ్రాంగో ఒకటి వాటితోనే తిరుగుతుంది, ఈ రెండింటి వెంట మిగతా పిట్టలన్నీ జట్టుకట్టి అడవిలో ఊరేగింపులా పోతాయి. ఒకటి ఆకులు కదిలిస్తుంటే లేచిన పురుగు ఇంకోదాని నోట్లో పడుతుంది, గద్ద వస్తే ఎవరో ఒకరు కేక పెడతారు. గైడ్ మమ్మల్ని ఒక మలుపు దగ్గర నిలబెట్టి ‘ఇటే వస్తాయి’ అన్నాడు. నిజంగానే మా నెత్తి మీదుగా పోయాయి. ఎర్రముఖం మాల్కోహా, ట్రోగన్, నాకు పేర్లు గుర్తులేని ఇంకెన్నో, ఐదు నిమిషాల్లో ఎటు చూడాలో తెలియని టెన్షన్. తర్వాత మళ్ళీ ఖాళీ అడవి. అతను లేకపోతే మేము ఆ ఊరేగింపుకి అవతలి వీధిలో ఉండేవాళ్ళం.

సెరెండిబ్ స్కాప్స్ ఔల్ కూడా చూపించాడు. 2004లో కొత్త జాతిగా శాస్త్రానికెక్కిన గుడ్లగూబ ఇది, దీపాల్ వరకగొడ అనే శ్రీలంక పక్షి నిపుణుడు ముందు దాని కూత విని, ఇది తెలిసిన పిట్టలది కాదని పట్టుకున్నాడు. పగటిపూట నేలకి దగ్గరగా పొదల్లో నిద్రపోతుంది. గైడ్ మమ్మల్ని బాట మీదే ఉంచి తనొక్కడే లోపలికి పోయి, చాలాసేపటికి వచ్చి, ఒక్కొక్కరినే తీసుకెళ్ళి చూపించి వెనక్కి పంపాడు, ఫ్లాష్ కొట్టనివ్వలేదు. గ్రూపులో ఒకాయన గొణిగాడు, గొణగనివ్వండి. ఊళ్ళో తిండి మనకి బాగా పడుతుంది, అన్నం, పరిప్పు అనే పప్పు, కొబ్బరి సాంబోల్, కారానికి లోటు లేదు. డాలర్లలో రేటు చెప్పే పెద్ద అంతర్జాతీయ కంపెనీల టూర్లు కూడా చివరికి ఇదే ఊరికి, ఇలాంటి లోకల్ గైడ్ల దగ్గరికే వస్తాయి, అందుకని డ్రైవర్నీ గైడ్‌నీ నేరుగా మాట్లాడుకోవడం మేలు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు అడుగుతుంటారు కాబట్టి మాగీ మార్ష్ గురించి ఒక మాట. ఒహాయోలో టొలెడో దగ్గర, ఈరీ సరస్సు ఒడ్డున. మే నెలలో ఉత్తరానికి పోయే వార్బ్లర్లు అనే బుల్లి పిట్టలు సరస్సు దాటే ముందు ఈ చెట్లలో ఆగి తింటాయి, చెక్క బాట మీద నడుస్తుంటే మన కళ్ళ ఎత్తులోనే, చెయ్యి చాపితే అందేంత దగ్గర. టికెట్ లేదు. మే నెలలో జరిగే పిట్టల పండగ రోజుల్లో బాట మీద గైడ్లు నిలబడి అడిగినవాళ్ళకల్లా చూపిస్తుంటారు, వాళ్ళు లేకపోయినా పక్కవాళ్ళే చూపిస్తారు, గొంతులో నిప్పు రంగున్న బ్లాక్‌బర్నియన్ వార్బ్లర్‌ని నాకు చూపించింది చక్రాల కుర్చీలో ఉన్న ఒక ముసలావిడ. అక్కడ డబ్బిచ్చి ప్రైవేట్ గైడ్‌ని పెట్టుకోవడం అనవసరం. అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్ళండి, బాట చదునుగా ఉంటుంది, ఎక్కడం దిగడం లేదు.

డబ్బు కట్టే ముందు నేను ఇప్పుడు అడిగేవి కొన్ని ఉన్నాయి. గైడ్ ఆ ఊరివాడేనా, ఒక గైడ్‌కి ఎంతమంది (ఆరుగురు దాటితే నేను వద్దంటాను), ఉదయం ఎన్నింటికి అక్కడ ఉంటాం, స్కోప్ ఉందా, పిట్ట దొరకకపోతే ఏం చేస్తారు. ఈ చివరి ప్రశ్నకి ‘గ్యారంటీగా చూపిస్తాం సార్’ అంటే అనుమానించండి. బైనాక్యులర్ 8x42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది) అయితే చాలు, పది రెట్ల 10x42 పడవలో చేతికి వణుకుతుంది. పూర్తిగా కొత్తవాళ్ళయితే ఈ ఖర్చులన్నిటికంటే ముందు హైదరాబాద్‌లో డెక్కన్ బర్డర్స్ వాళ్ళతో ఒక ఉదయం తిరగండి, ఒకప్పుడు బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ అనేవాళ్ళు, 1980 నుంచీ ఉన్నారు, అమీన్‌పూర్ చెరువు దగ్గర ఏ పిట్ట ఏదో తెలిస్తే బయట గైడ్ చెప్పేది సగం ఎక్కువ ఎక్కుతుంది. సింహరాజకి జనవరి నుంచి మార్చి లోపల వెళ్ళండి, వాన కాస్త తక్కువ, జలగల మేజోళ్ళు తప్పనిసరి. మంగళాజోడికి డిసెంబర్, జనవరి బాగుంటుంది, ఆదివారం మాత్రం వద్దు.