ఒరాకిల్ డేటా పంప్: నడుస్తున్న లోడును క్షేమంగా ఆపనిస్తుందా?

ఆదోని పత్తి, కర్నూలు ఉల్లి లాంటి సీజన్ సరుకుతో బతికే ఆఫీసుల్లో పగలంతా పోగైన లెక్కలు రాత్రిపూట క్రాన్ (వేళకు పనిని తానే మొదలుపెట్టే షెడ్యూలర్) పెట్టి డేటాబేస్‌లోకి ఎక్కించడం మామూలే. ఒరాకిల్ డేటాబేస్ వాడేవాళ్లకు ఆ పనికి 10జీ వెర్షన్ కాలం నుంచీ డేటా పంప్ అనే టూల్ ఉంది. వేగం గురించి అందరూ చెప్తారు. పొద్దున కౌంటర్లు తెరిచే వేళకు లోడు ఇంకా నడుస్తుంటే ఎలా ఆపాలన్నది మాత్రం చాలామందికి తెలీదు. మా లెక్కలో ఈ విషయంలో దీనికి ఐదుకు నాలుగు.

తెర మీద కనిపించే ఇంప్‌డీపీ (డేటా పంప్ ఇంపోర్ట్ కమాండ్) స్వయంగా లోడు చేయదు. చేసేవి సర్వర్‌లో వెనక నడిచే డీఎం00, డీడబ్ల్యూ00 ప్రాసెస్‌లు. కంట్రోల్-సీ కొడితే లాగ్ లైన్లు ఆగి ‘ఇంపోర్ట్>’ ప్రాంప్ట్ వస్తుంది. పని ఆగిందనుకుని అక్కడే విండో మూసేస్తారు. పీఎస్ (నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా చూపే కమాండ్) కొట్టి చూడండి, డీడబ్ల్యూ00 నడుస్తూనే ఉంటుంది. పైన ఉన్న షెల్ స్క్రిప్టును కిల్ చేసినా అంతే.

సరైన పద్ధతి ఇది. ముందు క్రాన్‌లో ఆ లైను మొదట హ్యాష్ (#) పెట్టి అది పనిచేయకుండా చేయండి, లేకుంటే మళ్లీ మొదలవుతుంది. డీబీఏ_డేటాపంప్_జాబ్స్ వ్యూలో జాబ్ పేరు, స్థితి చూడండి. ఇంప్‌డీపీకి అటాచ్ అని ఆ పేరిచ్చి లోపలికెళ్లి, స్టేటస్ కొట్టి ఏ టేబుల్ మీద ఉందో చూసుకుని, స్టాప్_జాబ్ ఇవ్వండి. వర్కర్లు (డీడబ్ల్యూ ప్రాసెస్‌లు) చేతిలో ఉన్న పని ముగించాకే ఆగుతాయి కాబట్టి పెద్ద టేబుల్ అయితే ఓపిక పట్టాలి. తొందరైతే స్టాప్_జాబ్=ఇమ్మీడియట్. దానివల్ల డేటా చెడదు, సగంలో ఉన్న పని మళ్లీ చేయాల్సి రావచ్చు, అంతే. ఎక్కడిదాకా వచ్చిందో జాబ్ తన కోసం పెట్టుకునే మాస్టర్ టేబుల్‌లో రాసి ఉంటుంది. రాత్రికి అటాచ్ అయి స్టార్ట్_జాబ్ ఇస్తే అక్కణ్ణుంచి సాగుతుంది. ఈ టూల్‌లో మాకు బాగా నచ్చింది ఇదే.

కిల్_జాబ్ వేరు. అది మాస్టర్ టేబుల్‌ను తీసేస్తుంది, ఇక కొనసాగింపు ఉండదు. అప్పటికే ఎక్కిన వరుసలు మాత్రం టేబుల్‌లోనే ఉండిపోతాయి. టేబుల్ ముందే ఉంటే ఏం చేయాలో చెప్పే టేబుల్_ఎగ్జిస్ట్స్_యాక్షన్‌కు అపెండ్ (ఉన్నవాటికి చేర్చు) పెట్టుకున్నవాళ్లు మళ్లీ లోడు చేస్తే అవే బిల్లులు రెండుసార్లు పడతాయి. ఇంత తేడా ఉన్న రెండు ఆదేశాలకూ నిర్ధారణ ప్రశ్న దాదాపు ఒకేలా ఉంటుంది. పైగా ఊరికే ఎంటర్ కొడితే ‘అవును’ అనే లెక్క! ఒక మార్కు కోసింది ఇందుకే.

ఇంకో చిక్కు స్క్రిప్టుల్లో ఉంటుంది. ఇంప్‌డీపీ లైను కిందే డంప్ ఫైలు (లోడు చేయాల్సిన డేటా ఉన్న ఫైలు) తీసేసే లైను పెడతారు. మీరు వేరే విండోలోంచి స్టాప్_జాబ్ ఇవ్వగానే క్లయింట్ బయటికొస్తుంది, స్క్రిప్టు కింది లైనుకెళ్లి డంప్‌ను చెరిపేస్తుంది. తిరిగి మొదలుపెట్టాలంటే మాస్టర్ టేబుల్‌తో పాటు ఆ డంప్ కూడా ఉండాలి. లాగ్‌లో విజయవంతంగా ముగిసినట్టు లైను ఉంటేనే చెరిపేలా మార్చుకోండి.

జాబ్_నేమ్ కూడా మీరే ఇవ్వండి. ఇవ్వకపోతే పాత జాబ్ బతికుండగానే చివర 02 తగిలించుకుని కొత్తది మొదలవుతుంది. పేరు స్థిరంగా ఉంటే ఓఆర్ఏ-31634 (ఆ జాబ్ ఇప్పటికే ఉందనే ఎర్రర్) చూపి ఆగిపోతుంది. ఆ ఎర్రర్ మన మేలుకే.

లాగ్‌లో ఓఆర్ఏ-39171 కనిపిస్తే అసలు ఆపొద్దు. టేబుల్‌స్పేస్ (టేబుళ్లకు కేటాయించిన జాగా) నిండితే జాబ్ ఇలా వేచి ఉంటుంది, డేటాఫైల్ చేర్చగానే తనంతట తనే కదులుతుంది. డీడబ్ల్యూ ప్రాసెస్‌లకు కిల్ -9 (బలవంతంగా ఆపే కమాండ్) కొట్టే అలవాటు ఎవరికైనా ఉంటే మానుకోవాలి. వ్యూలో ‘నాట్ రన్నింగ్’ అని మిగిలిన జాబ్‌ల విషయానికొస్తే, డంప్ పోయి ఇక కొనసాగించే వీలే లేదని తేలాకే, జాబ్ పేరుతోనే ఉన్న ఆ మాస్టర్ టేబుల్‌ను డ్రాప్ చేయండి.